దొడ్లో లేని చెట్టు

మా తాతయ్య డైరీ నలభై ఏళ్లు మా ఇంట్లోనే ఉంది. బీరువాలో, అమ్మ పట్టుచీరల అడుగున, కలరా ఉండల వాసనలో. నేనా, బెజవాడలో ముప్పై ఏళ్లు పిల్లలకి సోషల్ చెప్పినదాన్ని. రెండో ప్రపంచ యుద్ధం పాఠం ఏటా చెప్పాను. కారణాలు రాయించాను, ఫలితాలు బట్టీ పట్టించాను, మ్యాపులో బర్మాని గుర్తించలేని పిల్లల చెవులు మెలేశాను. ఆ బర్మా సరిహద్దులో లారీ తోలుతూ చచ్చిపోయిన మనిషి రాసుకున్న పుస్తకం మా బీరువాలో ఉందన్న ధ్యాసే నాకు లేదు. తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే ఒళ్లు మండుతుంది.

మొన్న వేసవిలో మా మేనత్త ఫోన్ చేసింది.

"ఏమే, ఆ పుస్తకం ఇంకా ఉందా, పాత పేపర్లవాడికి వేసేశావా?"

"ఉందత్తా."

"అయితే పట్రా. నా కళ్లు పూర్తిగా పోకముందే ఒకసారి చదివిపెట్టు. మీ నాన్న చదివాడు గానీ, వాడు చదివితే చదివినట్టు కాదు."

అత్తకి ఎనభై దాటాయి. కళ్లకి నీటికాసులు. చుట్టూ ఉన్న చూపంతా పోయి మధ్యలో చిన్న బిళ్లంత మిగిలింది. ఆ బిళ్లలోంచే మనిషిని ముక్కలు ముక్కలుగా చూసి "చిక్కిపోయావేంటే" అనగలదు. ఆ పుస్తకంలో ఆమెకి ఏం కావాలో నాకు తెలుసు. మా ఇంట్లో అందరికీ తెలుసు. తాను పుట్టినట్టు వాళ్ల నాన్నకి తెలిసిందా, లేదా? అంతే. ఎనభై ఏళ్లుగా అదొక్కటే ప్రశ్న.

తాతయ్య పటాలంలో చేరడానికి రైలెక్కింది మాఘమాసంలో. మా నాన్నకి అప్పుడు మూడేళ్లు. మా నాయనమ్మకి మళ్లీ నెల తప్పిన సంగతి ఇంకా ఇంట్లో ఎవరికీ తెలియదు. వినాయక చవితి వెళ్లిన వారానికి అత్త పుట్టింది. పుట్టిన నక్షత్రం మంచిది కాదన్నారు. శాంతి చేయించి, తండ్రి ముందుగా నూనెలో పిల్ల నీడ చూసి, ఆ తర్వాతే మొహం చూడాలట. అందాకా తండ్రికి కబురు కూడా చెప్పకూడదని పెద్దవాళ్లు తీర్మానించారు. అసలే యుద్ధంలో ఉన్నవాడు, ఏమైనా అయితే? సెలవు మీద వస్తాడు కదా, వచ్చాక అన్నీ ఒకేసారి జరిపిద్దామన్నారు. ఆయన రాలేదు. మరుసటేడు వానల్లో లారీ లోయలో పడిందని ఒక కాగితం, కొన్నాళ్లకి ఒక ట్రంకు పెట్టె వచ్చాయి.

అప్పుడు తాతయ్య అన్నగారి భార్య, మేం పెద్దనాయనమ్మ అనేవాళ్లం, అత్తకి ఒక పేరు పెట్టింది. "వాడికి తెలియని పిల్ల." ఇంటికెవరైనా కొత్తవాళ్లు వస్తే అలాగే చూపించేదట. "వీడు మా మరిది కొడుకు. ఇది వాడికి తెలియని పిల్ల." చెప్పనివ్వంది వీళ్లు, తెలియలేదని దెప్పిందీ వీళ్లే! ఆవిడ పోయి చాలా కాలమైంది గానీ, ఎదురుపడితే నాలుగు దులపాలని నాకు ఇప్పటికీ ఉంది.

అత్తకి పదేళ్లప్పుడు నాయనమ్మ కూడా పోయింది. ట్రంకు పెట్టె చాలాకాలం పెద్దతాతయ్య అటక మీదే ఉంది. వాటాలప్పుడు మా నాన్నకి వచ్చింది. ఆయన ఒక ఆదివారం అందులోని డైరీ తిరగేశాడు. ఆ వారంలోనే అత్త బెజవాడ వచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూనే అడిగింది.

"నా ఊసేమైనా ఉందా అన్నయ్యా?"

"లేదే. అంతా తిండి గోల, మామిడికాయల గోల."

ఆ రోజు వంట అత్తదే. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. ఎవరం ఏమీ అనకుండా తిన్నాం. నాకు పదిహేనేళ్లు, అయినా ఆ పప్పు ఇంకా నాలిక మీద ఉంది.

నూజివీడులో బస్సు దిగి ఆటో ఎక్కాను. చాట్రాయి రోడ్డులో కొంతదూరం వెళ్లాక తోటలు దగ్గరపడి, ఎండ తగ్గిపోయి, ఆటోలో కునుకు పట్టింది. కళ్లు తెరిచేసరికి అత్త వాళ్ల గేటు ముందున్నాను. అత్త కూతురు, నాకు వదిన, తోటకి వెళ్తూ ఎదురైంది. మామిడి కోత జోరుగా ఉంది. నెత్తిన తువ్వాలు, చేతులకి జీడి మరకలు.

"వచ్చావా తల్లీ! నిన్నట్నుంచి మా అమ్మ అన్నం తినట్లేదు, నీ కోసమో నీ పుస్తకం కోసమో నాకు తెలియదు. నేను సాయంత్రానికి గానీ రాను. ఏడిపించకు."

"నేనేం ఏడిపిస్తాను వదినా!"

"ఏమో బాబూ, టీచర్లు మీరు" అని వెళ్లిపోయింది.

మధ్య గదిలో సగానికి వరిగడ్డి పరిచి కాయలు మాగబెట్టారు. ఆ వాసనలో ఉంటే మనిషికి కాలం తెలియదు. మధ్యాహ్నం రెండింటికి ఆ ఊళ్లో కాకి కూడా అరవదు. ఫ్యాను తిరుగుతోంది, కిటికీకి కట్టిన తడి గోనెపట్టా లోంచి పచ్చటి వెలుగు వస్తోంది. అత్త మడతమంచం మీద పడుకుని ఉంది. పక్కన ముందే తీసి పెట్టుకున్న ఆల్బం.

"ముందు ఇది చూద్దాం" అంది.

భయపడుతోందని నాకు తెలుసు. నేనూ భయపడుతున్నాను. ఆ పుస్తకంలో ఏమీ లేదని నేను రెండోసారి చెప్పాల్సి వస్తే? నాన్న చెప్పినప్పుడు ఆమెకి నలభై. తట్టుకుంది. ఇప్పుడు?

ఆల్బం నల్ల అట్టపేజీలది, మధ్యమధ్య సాలెగూడు అచ్చు ఉన్న పల్చటి కాగితాలు. అత్త ఒక్కో ఫొటోని కంటికి ఆనించుకుని, బిళ్లంత చూపుని మెల్లగా దాని మీద తిప్పుతోంది. చెవి చూస్తుంది, తర్వాత భుజం చూస్తుంది, తర్వాత కుర్చీ చెయ్యి చూస్తుంది. అలా ఒక మనిషి పూర్తవడానికి ఐదు నిమిషాలు పడుతుంది. నేను పక్కన ఒరిగి, ఆమె చెప్పే చెవులూ భుజాలూ వింటూ మగతగా ఉన్నాను. ఎవరి చెవి ఎవరిదో కాసేపటికి కలిసిపోయింది.

"ఇది మా ఇల్లు" అంది. పుట్టిల్లు. ఇప్పుడు లేదు, పడగొట్టి గోడౌను కట్టారు. పెంకుటిల్లు, ముందు అరుగు, వెనక దొడ్లో ఒకే ఒక్క చెట్టు, ఇంటికంటే ఎత్తు.

"అదేం చెట్టత్తా?"

"కలెక్టరు."

జ్యూసు ఫ్యాక్టరీలవాళ్లు తోతాపురి అంటారే, అది. మా వైపు అందరూ కలెక్టరనే అంటారు. "దొడ్లో ఉన్నదల్లా అదొక్కటే. కాయలు కాసేది గానీ పిల్లలెవరం దాని జోలికి వెళ్లేవాళ్లం కాదు. పేరుకి తగ్గట్టే, దర్జా ఎక్కువ, తీపి తక్కువ" అని నవ్వింది.

తర్వాతి పేజీ తిప్పేసరికి జిగురు ఎండిపోయిన ఫొటో ఒకటి ఊడి నా ఒళ్లో పడింది. మా నాన్న, మూడేళ్లవాడు, మొలతాడుతో, బుగ్గలతో. వెనక పెన్సిలుతో ఒక్క మాట ఉంది. "పెద్దరసం."

ఇద్దరం పడీపడీ నవ్వాం. చనిపోయేదాకా కర్రపుల్లలా ఉన్న మా నాన్నని చూసినవాళ్లెవరికైనా నవ్వొస్తుంది. "నిజమే, ఆ బుగ్గలు చూడు, అచ్చం మామిడిపండే, నిండా రసమే" అంది అత్త. ఆ రాత వాళ్ల నాన్నదని గుర్తుపట్టి, కాసేపు ఫొటో బోర్లా పెట్టుకుని ఆ మాటనే చూసింది. ఇన్నాళ్లూ ఆ అట్టకి అతుక్కుని ఉన్న మాట. ఎవరికీ తెలియదు.

"ఇక చదువు" అంది.

డైరీ అరచేయంత. ఎవరో వాడకుండా వదిలేసిన పాత సంవత్సరానిది. పేజీల నెత్తిన అచ్చయిన నెలలకీ ఆయన రాసుకున్న రోజులకీ పొంతన లేదు. తోచినప్పుడల్లా తర్వాతి ఖాళీ పేజీలో నాలుగు ముక్కలు రాశాడు. మధ్యలో ఎక్కడో ఒక పాత గుడ్డపీలిక, రంగు పోయి గోధుమరంగుకి తిరిగింది. పేజీ గుర్తుకి పెట్టుకున్నారనుకుని దాన్ని తీసి మంచం మీద పడేశాను. మొదటి పేజీ చదివాను.

"ఈ దినము బయలుదేరితిని. గుమ్మము వద్ద మంచినీళ్ల చెంబు ఇస్తూ ఆమె చెప్పినది. దొడ్డిలో చెట్టు పూతకు వచ్చినదట. ఎవరికీ చెప్పవద్దన్నది."

"ఇదెక్కడి రహస్యం!" అన్నాను. "మాఘంలో ఈ చుట్టుపక్కల పూత లేని చెట్టు ఏదైనా ఉంటుందా?"

"దిష్టి తగులుతుందనేమోలే. చదువు."

చదివాను. నాన్న అబద్ధం చెప్పలేదు. తిండి గోలే. అన్నం లేదు, రొట్టెలు. పప్పులో పులుపు లేదు. ఆవకాయ కలలోకి వచ్చింది. కలలో జాడీ మూత తీయబోతే మెలకువ వచ్చింది. కానీ మధ్యమధ్యలో వేరే మాటలు ఉన్నాయి. అవి నాన్న ఎప్పుడూ చెప్పలేదు. "ఉదయము మేఘములోనికి లారీ తోలితిని. ముందు బండి కనపడలేదు. హారను విని తోలితిని." మరోచోట, "నది ఎక్కడో కింద ఉన్నదట. చూడలేదు, శబ్దము విన్నాను." ఇంకోచోట ఒక్క ముక్కే, "ఇక్కడి చెట్లకు పేర్లు తెలియవు."

నా గొంతు నాకే దూరంగా వినిపిస్తోంది. అత్త కళ్లు మూసుకుంది. నిద్రపోయిందేమో అనుకున్నా ఆపలేదు. ఆపితే ఆ కొండదారి మీద లారీ ఆగిపోతుందేమో అనిపించింది. మాగుతున్న కాయల వాసన, తడి గోనెపట్టా వాసన, ఆ మేఘం, అన్నీ ఒకే గదిలో ఉన్నాయి. నేనూ దాదాపు నిద్రలోనే చదువుతున్నాను.

"నేడు దీపావళి. దీపము వెలిగించరాదని ఆర్డరు. అగ్గిపుల్ల కూడా."

పేజీ తిప్పాను.

"ఇంటి నుండి ఉత్తరము అందినది. మాస్టారి దస్తూరి. అందరూ క్షేమము. చివరన ఆమె చెప్పి వ్రాయించిన మాట ఒకటి. దొడ్డిలో చెట్టు కాపుకు వచ్చినదట. చిన్నరసమట. మిక్కిలి సంతోషము."

పేజీ తిప్పాను. టైరు పంక్చరు సంగతి ఏదో మొదలుపెట్టాను. అత్త చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"ఆగు. వెనక్కి తిప్పు."

తిప్పి మళ్లీ చదివాను.

"దీపావళి అన్నావు కదా ఇందాక?"

"అవును. ఇది దాని తర్వాతి పేజీ."

అత్త లేచి కూర్చుంది. "దీపావళికి కాపేంటే? మతుండే చదువుతున్నావా? కార్తీకంలో పూతే ఉండదు, కాయెక్కడిది?"

నాకు నిద్ర వదిలిపోయింది. పేజీ నెత్తిన చూశాను. అచ్చులో "మే" అని ఉంది. నాన్న చేసిన పొరపాటు అప్పుడు అర్థమైంది. ఆయన ముందు వెనక చూడకుండా పేజీలు తిరగేసి ఉంటాడు. మే నెల, మామిడికాయలు. మా ఊళ్లో పుట్టినవాడికి అందులో అనుమానించడానికి ఏముంది?

"అసలు" అంది అత్త, మెల్లగా, ఒక్కో మాటా తడుముకుంటూ, "మా దొడ్లో చిన్నరసం చెట్టెక్కడుందే? ఉన్నదల్లా కలెక్టరేగా."

ఇల్లున్న ఫొటో మంచం మీదే ఉంది, ఒక్క చెట్టుతో. దాని పక్కనే మా నాన్న ఫొటో, ఇంకా బోర్లానే ఉంది. పెద్దరసం.

నాకే ముందు వెలిగింది. కానీ చెప్పాల్సింది నేను కాదనిపించింది. అత్త చేతులు ఆ ఫొటో మీదికి వెళ్లాయి, తర్వాత డైరీ మీదికి వచ్చాయి, మళ్లీ ఫొటో మీదికి వెళ్లాయి.

"వాడు పెద్దరసం" అంది.

"అవునత్తా."

"పూతకొచ్చింది, ఎవరికీ చెప్పొద్దంది."

"అవును."

"అమ్మా!" అంది అత్త. అంత పెద్దగా అరిచేసరికి కిటికీ అవతల కోళ్లు బెదిరాయి. "ఓసి అమ్మా, ఎంత పని చేశావే!"

ఆ అరుగు నాకు కళ్లకి కట్టింది. నాయనమ్మ మామగారు కుర్చీలో కూర్చుని ఉత్తరం చెబుతున్నాడు. మాస్టారు రాస్తున్నాడు. పిల్ల సంగతి రాయకూడదని ఇంట్లో అందరికీ హెచ్చరిక. తలుపు చాటున బాలింత. చదువు రాదు, మొగుడి పేరు నోటితో పలకదు. "నువ్వేమైనా రాయించాలా అమ్మాయ్?" అని మాస్టారు మర్యాదకి అడిగి ఉంటాడు. "దొడ్లో చెట్టు కాపుకొచ్చిందని రాయండి. చిన్నరసమని రాయండి" అని ఉంటుంది. దీపావళి ముందు రోజుల్లో ఆ మాట విని మామగారు ఏమనుకున్నాడో! అసలు విననేలేదేమో. ఆడవాళ్ల మాట ఎవరు వింటారు? వినకపోవడమే మంచిదైంది.

"ఇవ్వు" అంది అత్త. డైరీ తీసుకుని కంటికి ఆనించుకుంది. ఆ మాట మీద వేలు పెట్టి చూపించాను. ఆ బిళ్లంత చూపులో ఒక్కసారికి ఒక్క అక్షరమే పడుతుంది. "చి" అంది. కాసేపాగి "న్న" అంది. తర్వాతి అక్షరాలు చదవలేకపోయింది. కంట్లో నీళ్లు నిండాయి.

చాలాసేపు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఏడిపించకు అన్న వదిన మాట గుర్తొచ్చి ఇంకాస్త ఏడుపొచ్చింది.

"అమ్మ నన్నెప్పుడూ ఆ పేరుతో పిలవలేదే" అంది చివరికి. "ఒక్కసారి కూడా. ఎందుకంటావ్?"

"ఆయన జవాబు కోసం చూసుంటుంది."

"అంతే అయ్యుంటుంది. ముందు ఆయన పిలవాలనుకునుంటుంది." ముక్కు తుడుచుకుంది. "జవాబు రాలేదుగా. అందిందో లేదో తెలియకుండానే పోయింది. నాకు తెలిసింది, అమ్మకే తెలియకుండా పోయింది. అదే నా బాధ ఇప్పుడు."

మిగిలిన పేజీలు వెతికాను. ఈసారి ఒక్క అక్షరం వదల్లేదు. టైరు పంక్చరు తర్వాత ఉంది. "జవాబు వ్రాసితిని. కాయను జాగ్రత్తగా చూచుకొమ్మని." ఆ జవాబు ఏ దారిలో పోయిందో. దాని తర్వాత ఒక వారమో, నెలో. "సెలవు అడిగితిని. ఇవ్వలేదు." ఆ తర్వాత ఇంకొకటి.

"బజారులో చిన్నరసమునకు రిబ్బను కొంటిని. పసుపుపచ్చనిది. జుట్టు ఎంత వచ్చినదో తెలియదు. రెండు మూరలు తీసుకొంటిని."

చదవడం ఆపి మంచమంతా తడిమాను. దిండు కింద దొరికింది, నేను ఇందాక విసిరేసిన గుడ్డపీలిక. రంగు పోయిన అంచులు పొడిపొడిగా ఉన్నాయి గానీ, మడత లోపల చూస్తే పసుపు. అవును, పసుపే. ఆమె అరచేతిలో పెట్టాను. పెట్టి, ఆ పేజీ మళ్లీ చదివాను.

అత్త దాన్ని కంటికి ఆనించుకోలేదు. వేళ్లతోనే చూసింది, ఈ కొస నుంచి ఆ కొసదాకా. తర్వాత, చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పింది. పండగలకి బళ్లో పిల్లలందరూ కొత్త గౌను పట్టుకుని మా నాన్న కొన్నాడు, మా నాన్న తెచ్చాడు అని చెప్పుకునేవాళ్లట. ఈమె ఇంటికొచ్చి, ఎవరూ లేనప్పుడు గోడకి ఆనుకుని ఆ మాట ఊరికే ఒకసారి అని చూసుకునేదట. అన్నాక సిగ్గేసేదట.

"దువ్వెన ఆ గూట్లో ఉంది" అంది.

తెల్లటి జుట్టు, పిడికెడైనా లేదు. దువ్వి, పల్చటి జడ అల్లాను. రిబ్బను ఎక్కడ తెగుతుందోనని ఊపిరి బిగబట్టి, ముడి గట్టిగా వేయకుండా ఊరికే చుట్టి, కొసలు లోపలికి దోపాను. రెండు మూరలు చాలా ఎక్కువైంది. మిగిలింది భుజం మీదుగా ముందుకి వేసింది.

పొద్దు వాలుతుండగా వదిన తోట నుంచి వచ్చింది. గంపలో కాయలు దించి, మొహం కడుక్కోకుండానే గదిలోకి తొంగిచూసింది. వాళ్లమ్మని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇదేం వేషమమ్మా? ఈ రిబ్బను ఎక్కడిది?"

అత్త భుజం మీది కొసని రెండు వేళ్లతో పట్టుకుని చూపించింది.

"మా నాన్న కొన్నాడే" అంది.